రాదన్న భాష

సతుర్నీనా అవ్వను ఆమె మేనల్లుడు వృద్ధుల ఆశ్రమంలో దించి వెళ్ళిన పూట, పెద్ద నర్సు రొసౌరా వరండాలో నిలబడి అందరినీ ఒకటే అడిగింది, ఇక్కడ ఎవరికైనా కొండవాళ్ళ భాష కెచువా వచ్చా అని. అవ్వకు స్పానిష్ నాలుగైదు ముక్కలకు మించి రాదట. మేనల్లుడేమో ఉన్ని కోసం పెంచే అల్పాకా మందను కొండమీద ఎవరికో అప్పజెప్పి వచ్చానని అప్పటికే బస్సు కోసం పరుగెత్తాడు. వంటామె తల అడ్డంగా ఊపింది. ఆయా ఇమెల్డా తనది సముద్రపు ఒడ్డు ఊరని చెప్పింది. ఉతికిన దుప్పట్లు గుండెకు హత్తుకుని అటుగా పోతున్న దెల్ఫీనా కాస్త ఆగింది.

"మా అమ్మ ఏదో మాట్లాడేది సెన్యోరితా. నాకు రాదు," అంది.

అబద్ధమాడానని ఆమెకు అప్పుడు తోచనే లేదు. ఈ అరెకీపా పట్నంలో ఉంటున్న ఇన్నాళ్ళూ ఆ జవాబు నాలుక చివరే ఉండేది. చిన్నపిల్లగా కొండ దిగి వచ్చి, ఈ ఊళ్ళో ఒక గొప్పింట్లో పిల్లల్ని ఆడించే పనికి కుదిరింది. స్పానిష్‌లో బల్లను మేసా అంటారు, చర్చిలో పూజను మీసా అంటారు. కొండవాళ్ళ నోటికి ఆ రెండూ ఒకటే. బల్ల తుడిచానమ్మా అనబోయి పూజ తుడిచానమ్మా అనేది దెల్ఫీనా. ఆ ఇంట్లో భోజనానికి చుట్టాలొస్తే పిల్లలు ఆమెను పిలిచి మరీ ఆ మాట అనిపించేవారు. అందరూ నవ్వేవారు, ఆమె కూడా నవ్వేది. ఆ తర్వాత గిన్నెలు తోముకుంటూ లోలోపల ఒక్కో మాటా దిద్దుకుంది. ఆయా పని నేర్చుకుని, తెల్లబట్టలు తొడుక్కుని ఈ ఆశ్రమంలో చేరేసరికి ఆమె నోట కొండ జాడ మిగల్లేదు. ఇక్కడివాళ్ళంతా ఆమెది ఈ ఊరే అనుకున్నారు. అనుకోనిచ్చింది.

పనిలో మాత్రం ఆమెకు వంక పెట్టేవాళ్ళు లేరు. మంచం దిగలేని వాళ్ళను గంటలు లెక్కబెట్టుకుని ఒకసారి ఎడమకు, ఒకసారి కుడికి తిప్పేది. వీపు మీద నూనె రాస్తే చర్మం ముడత పడకుండా రాసేది. మూతి వంకరపోయిన తాతకు ఓట్స్ జావ చెంచాతో పట్టిస్తే ఒక్క చుక్క గడ్డం మీదికి జారేది కాదు.

సతుర్నీనా అవ్వ మొదట్లో మంచంలో పడి ఉండే మనిషి కాదు. మోకాళ్ళు పట్టేసినా, కుట్టుపని చేసిన తన టోపీ నెత్తిన పెట్టుకుని పెరట్లో ఎండకు కుర్చీలో కూర్చునేది. వచ్చేపోయే వాళ్ళను చూస్తూ తనలో తాను కెచువాలో మాట్లాడుకునేది. రొసౌరా అటుగా పోతుంటే, గుడ్డు పెట్టడానికి చోటు వెతుక్కుంటున్న కోడిలా ఉందని అవ్వ ఒకసారి అంది. దెల్ఫీనా నవ్వు రాకుండా పెదవి కొరుక్కుని తల తిప్పుకుంది. మళ్ళీ ఇటు చూసేసరికి అవ్వ కళ్ళు తన మీదే ఉన్నాయి. ఆ రోజు నుంచి అవ్వ ఏమన్నా దెల్ఫీనాకు వినబడేలాగే అనేది. దెల్ఫీనా విననట్టే పోయేది.

ఒక పొద్దున అవ్వ కుర్చీలోంచి లేవబోయి పక్కకు జారింది. గట్టిగా పడ్డట్టు కూడా లేదు, దెబ్బ పైకి కనబడలేదు. ఎత్తి పడుకోబెట్టారు. కానీ మర్నాటి నుంచి అవ్వ మంచం దిగలేదు. కుడివైపుకు తిప్పబోతే ఎవరి చెయ్యి దొరికితే ఆ చెయ్యి పట్టుకుని, "నానవాషన్, నానవాషన్" అని అరిచేది.

నొప్పెడుతోంది అని దానర్థం. తక్కినవాళ్ళ చెవికి మాత్రం అందులో మొదటి ముక్కే అందింది. నానా అంటే ఈ ఊళ్ళో పిల్లల్ని పెంచే దాది. పెద్దతనంలో మతి పసితనంలోకి పోతుందని, చిన్నప్పుడు పెంచిన దాది ఎవరో గుర్తొచ్చి పిలుస్తోందని రొసౌరా జాలిపడింది. అవ్వ మంచం పక్కన కూర్చుని తల నిమురుతూ జోలపాట కూడా పాడింది. వంటామెకు అదో వేళాకోళమైంది. అల్పాకాలు కాచుకునేదానికి దాది ఎక్కడిదే, ఏ జమీందారు బిడ్డనుకుంటోందో అని నవ్వింది. అవ్వ ఎక్కువగా దెల్ఫీనా వైపే చూసి అరుస్తుండటంతో ఇమెల్డా ఇంకో ముక్క తగిలించింది.

"ఏమే నానా, నీ దొరసాని పిలుస్తోంది, పో మరి."

ఆ పిలుపు వినగానే దెల్ఫీనాకు చచ్చినంత పనైంది. ఆ గొప్పింట్లో ఆమె పేరు అదే. అది నొప్పి అన్న మాటని ఇప్పుడు చెబితే ఎలా తెలుసని అడుగుతారు. అక్కణ్ణుంచి ఒక్కొక్కటే బయటికి లాగుతారు. చెప్పలేదు.

చెప్పకపోయినా ఊరుకోలేదు. తన వంతు వచ్చినప్పుడు అవ్వను కుడివైపుకు తిప్పడం మానేసింది. ఎడమ పక్కనే ఉంచి, మోకాళ్ళ మధ్య దిండు సర్ది, తిప్పినట్టే రొసౌరాకు చెప్పేది. ఆమె వంతులో అవ్వ అరుపులు తగ్గాయి. తను చేయగలిగింది చేస్తున్నానని మనసుకు నచ్చజెప్పుకుంది. ఎడమ తుంటి మీద చర్మం మొదట గులాబీరంగుకు వచ్చింది, తర్వాత ఎర్రబడింది. దెల్ఫీనా దాని మీద నూనె రాసి దుప్పటి కప్పేసేది.

ఒకరోజు స్నానం చేయిస్తున్నప్పుడు రొసౌరా కంట అది పడనే పడింది. ముందురోజు పనిలో ఉన్నది ఇమెల్డా కాబట్టి ఇమెల్డాను నిలబెట్టి అడిగింది. ముసలిప్రాణాన్ని ఒకే పక్కన పడేసి కబుర్లు చెప్పుకుంటున్నావా, ఆ చోట పుండు పడితే మానుతుందా అని కడిగేసింది. తను తిప్పుతూనే ఉన్నానని, తిప్పినప్పుడల్లా అవ్వ తనను గోళ్ళతో రక్కుతోందని ఇమెల్డా చెయ్యి చాపి చూపించింది. ముంజేతి నిండా గీరలు. దెల్ఫీనా బక్కెట్టు పట్టుకుని అక్కడే ఉంది. నీళ్ళు పారబోసే వంకతో బయటికి పోయింది.

ఆ వారం డాక్టరు వచ్చినప్పుడు రొసౌరా సంగతంతా చెప్పింది. తిప్పనివ్వడం లేదు, మనుషుల్ని రక్కుతోంది, పగలూ రాత్రీ దాదిని పిలుస్తోంది. ఇలా అయితే పుండు పడకుండా కాపాడటం మా వల్ల కాదు, నిద్రకు మందు చుక్కలు రాస్తే ఆ మత్తులోనైనా రెండు పక్కలకూ తిప్పుకుంటాం అంది. డాక్టరు అవ్వ కనురెప్పలు ఎత్తి చూశాడు, నాడి చూశాడు. చుక్కలు రాయడానికి జేబులోంచి కలం తీశాడు.

ఇక రోజూ మత్తులో పడేసి ఆ పక్కకు దొర్లిస్తారు. నొప్పి నొప్పిగానే ఉంటుంది, అరవడానికి నోరు మాత్రం ఉండదు. మంచం కాళ్ళ దగ్గర నిలబడ్డ దెల్ఫీనాకు ఆ మాట అవ్వ గొంతుతోనే వినబడినట్టు తోచింది.

"చుక్కలు వద్దు డాక్టరుగారూ. ఆవిడ దాదిని పిలవడం లేదు. నొప్పి అంటోంది," అంది.

డాక్టరు తలెత్తాడు. రొసౌరా కనుబొమలు ముడిపడ్డాయి.

"నీకెలా తెలుసు?"

"నాకు ఆ భాష వచ్చు సెన్యోరితా."

"ఎప్పట్నుంచి?"

"పుట్టినప్పట్నుంచి," అంది.

రక్కిన గీరల మీద ఇంకో చెయ్యి వేసుకుని ఇమెల్డా ఆమె వంక చూస్తూ ఉండిపోయింది. రొసౌరా తిడుతుందనుకుంది దెల్ఫీనా, తిట్టి ఉంటే బాగుండేది. రొసౌరా మంచం పక్కనుంచి జరిగి చోటిచ్చి, "అయితే అడుగు," అని మాత్రం అంది.

దెల్ఫీనా అవ్వ చెవి దగ్గరికి వంగింది. ఇన్నేళ్ళుగా బయటికి రాని మాటలు, వస్తాయో రావో అనుకుంది. వచ్చాయి. ఎక్కడ నొప్పి అవ్వా అని అడిగింది.

అవ్వ ఆమె మొహం వంక తేరిపార చూసింది. తర్వాత కొండమీద దారిలో ఎదురైన పిల్లను అడిగినట్టే అడిగింది.

"ఎవరి బిడ్డవే నువ్వు?"

దెల్ఫీనా అమ్మ పేరు చెప్పింది. ఊరి పేరు చెప్పింది. ఆ రెండు పేర్లూ ఈ గోడల మధ్య ఆమె నోట రావడం అదే మొదలు.

"మీయమ్మ ఉందా, పోయిందా?"

"పోయింది అవ్వా."

"పోనీలే," అంది అవ్వ. "ఇది చూడకుండా పోయింది."

ఏమంటోందని డాక్టరు అడిగాడు. మా ఊరి సంగతి అడుగుతోందని దెల్ఫీనా చెప్పింది. అవ్వ ఆమె చెయ్యి లాక్కుని దుప్పటి కింద తన కుడి తుంటి మీద పెట్టింది. కుర్చీలోంచి జారినప్పుడు లోపల ఎండు కట్టెపుల్ల విరిగినట్టు చప్పుడైందని, ఆ పక్కకు దొర్లిస్తే ప్రాణం పోతోందని చెప్పింది. దెల్ఫీనా ఒక్కో మాటా స్పానిష్‌లోకి మార్చి చెప్పింది. డాక్టరు కలం జేబులో పెట్టేసి, అవ్వ రెండు పాదాలూ పక్కపక్కన చేర్చి చూశాడు. కుడికాలు కొంచెం పొట్టిగా, బయటికి తిరిగి ఉంది. ఎముక విరిగినట్టుంది, వెంటనే పెద్దాసుపత్రికి పంపాలన్నాడు. రొసౌరా ఫోను దగ్గరికి పోబోతూ ఆగింది.

"ఎడమవైపు ఎర్రబడింది ఇమెల్డా వల్ల కాదు," అంది దెల్ఫీనా. "నేనే తిప్పలేదు. తిప్పానని మీతో అబద్ధం చెప్పాను."

"ఊఁ," అంది రొసౌరా. ఇమెల్డా మంచం చుట్టూ నడిచి వచ్చి అవ్వ దిండు సర్దింది.

అవ్వ దెల్ఫీనా మణికట్టు ఇంకా వదల్లేదు. ఇంకో సంగతుంది, అదీ వీళ్ళకు చెప్పు అంది. చెప్పింది విని దెల్ఫీనా తల దించుకుంది. అవ్వ ఆ మణికట్టు ఒకసారి ఊపింది.

"ఏమంటోంది?" అన్నాడు డాక్టరు. "ఇంకెక్కడైనా నొప్పా?"

"లేదండి. ఇన్నాళ్ళూ అరిచి అరిచి చెప్పానంటోంది. ఇక్కడ ఒక పిల్లకు అంతా తెలుస్తూనే ఉందట. ఆ పిల్ల విని, దుప్పటి కప్పి వెళ్ళిపోయేదట."

"ఏ పిల్ల?" అన్నాడు డాక్టరు.

దెల్ఫీనా ఆ ప్రశ్నను కెచువాలోకి మార్చలేదు. దానికి అవ్వ జవాబు అక్కర్లేదు.

"నేనే," అంది.