అమ్మ పక్కన జాగ

అటు కాదు బిడ్డా, ఆ పాలరాయిది కాదు, దాని పక్కన సున్నం ఊడిన సిలువ, అగో అదే, మీ చిన్నతాత శౌరయ్యది, అని మనుమరాలు రోజికి చెప్పేసి ఇన్నయ్య నాలుక కరుచుకున్నాడు, శౌరయ్యది ఎట్లయితది ఇంక, శౌరయ్య మరిపెడలో మంచంలో కూర్చుని చాయ్ తాగుతాండాయె, దసరా దాటినాక వచ్చింది ఆ ఫోను, పెదనాయినా, నేను శౌరయ్య బిడ్డను, భారతిని, నాయినకు పక్షవాతమొచ్చింది, నిన్నే యాది చేస్తాండు అని, ఎవల బిడ్డవమ్మా నువ్వు, మా తమ్ముడు వర్ధన్నపేట కాడ లారీల కాలిపోయి నలభై ఏండ్లాయె అని కసిరి పెట్టేయబోతుంటే అవతల ఇంకో గొంతు, ముద్దముద్దగా, అన్నా అంది, ఆ ఒక్క పిలుపుకు ఇన్నయ్య పట్టుకున్న దర్వాజ కూడా కదిలినట్టయింది.

ఇవాళ ఆత్మల పండుగ, సమాధుల తోట నిండా బంతిపూలు, కొవ్వొత్తులు, కొత్త సున్నం వాసన, ఏటా ఈ వారంలో ఇన్నయ్య తప్పకుండా ఇక్కడ మోకాళ్లూనేవాడు, పాపం చెప్పుకుంటే పాపం పోతుంది గానీ దాని దండన మిగులుతుంది, అది తీరేదాకా ఆత్మ ఉత్తరించు స్థలంలో కాగుతుంది, ఈ రోజుల్లో ఫాదర్ ముందు పాపసంకీర్తనం చేసి, సత్ప్రసాదం తీసుకుని, పోపుగారి తలంపుల కోసం ఒక పరలోక జపం చెప్పి, సమాధుల దగ్గర ప్రార్థిస్తే ఆ ఆత్మకు దండవిమోచనం, మొత్తం మాఫీ, చిన్నప్పుడు అమ్మ జపాల పుస్తకంలో ఏ జపానికి ఎన్ని రోజుల విమోచనమో అచ్చేసి ఉండేది, తర్వాత తిరుసభ ఆ రోజుల లెక్క తీసేసింది, అమ్మ మాత్రం తీసేయలేదు, ఈ రాయి మీద తల ఆనించి నా కొడుకుకు ఇంకిన్ని రోజులు తగ్గించు తండ్రీ అని గొణుగుతూనే ముసలిదైంది, చివరికి ఈ రాయి పక్కనే మట్టిలో పడుకుంది, ఆమె ఏడ్చిన ఏడుపంతా ఏ గాలిలో కలిసిందో, బామ్మర్ది శ్యాంసుందర్‌కైతే నవ్వులాట, అతను హన్మకొండలో పోపును ఒప్పుకోని వేరే సంఘానికి పోతాడు, ఏం బావా, మీ పోపులు ఎనకట సొరగానికి టికెట్లు అమ్మిర్రట, నువ్వేమో మనిషే ఎక్కని బండికి ఇన్నేండ్లు టికెట్ తీసినవ్ అన్నాడు, అమ్మింది నిజమేనట, ఫాదరే ఒప్పుకున్నాడు, తప్పని తెలిసి ఆపిర్రు తాతా, ఇప్పుడు పైసలతో పని లేదు అని, పైసలు కాదు ఫాదర్ నా బాధ, నా మోకాళ్లు, మా అమ్మ కండ్లు, అవి ఎటు పోయినయ్ అనుకుంటూ గుడి మెట్లు దిగాడు.

లారీ కాలిన రోజు శవం మెడలో మరియతల్లి బిళ్ళ చూసి గుర్తుపట్టారు, మొహం మొహంలా లేదు, శరీరం శరీరంలా లేదు, లారీ మీద పోయే కుర్రాళ్లలో మరియతల్లి బిళ్ళ ఇంకెవడు వేసుకుంటాడు, మావాడే అని నాయిన గట్టిగా అన్నాడు, అందరూ తలూపారు, బిళ్ళ ఉంటే చాలు మావాడే, మనిషిని చూడనే లేదు, ఆ బిళ్ళ శౌరయ్యే ఇచ్చాడట, మరిపెడలో లారీ దిగిపోతూ, ఫోనులో భారతి చెప్పింది, ఆమె తల్లి సరస్వతిని చేసుకుంటానంటే మన మతం కాదని నాయిన కర్ర తీసిన రోజే దిగిపోయాడు, తన బదులు కొత్తగా ఎక్కిన క్లీనరు కట్టయ్యకు రాత్రి రోడ్డంటే భయమట, తీస్కోరా, అమ్మ మంత్రించిచ్చింది, ఏం గాదు అని మెడలో వేశాడట, తనను పాతిపెట్టారని విన్నాక, సచ్చినోన్ని ఎవలు ఎతుకుతరు, మంచిదే అయింది అనుకున్నాడట, మంచిదే అయిందా, అరేయ్, అమ్మ సావు గూడ నీ చెవుల వడలేదార.

కోపం మళ్లీ పొంగింది, దవడ కింద పెట్టుకున్న తంబాకులా చేదుగా, ఉమ్మేయబుద్ధి కాకుండా, పాపసంకీర్తనంలో ఫాదర్‌ను అడిగాడు, ఈసారి విమోచనం బతికున్న తమ్మునికి ఇయ్యొచ్చునా అని, లేదు తాతా, సచ్చిపోయినోళ్లకైనా ఇయ్యాలె, నీకు నువ్వైనా తీస్కోవాలె, బతికున్నోళ్లది వాళ్లే తెచ్చుకోవాలె, ఇంకో మాట, చిన్న పాపం మీద గూడ మనసుండొద్దు, ఉంటే మాఫీ సగమే వస్తది, మనసుండొద్దంటే ఇదే కదా, ఈ కోపం మీదే కదా తన మనసంతా, దాన్ని ఉమ్మేయకుండా ఈ తోట దాటేది లేదు, పొద్దు గూకినా సరే, తాతా లేస్తవా, గులకరాళ్లు మోకాళ్లకు గుచ్చుతయ్ అని రోజి, గుచ్చనియ్ బిడ్డా, ఇయ్యాల విమోచనం తీసుకునే పోత, కానీ ఎవరికి, ఎవరి పేరున, చేయి రాయి మీద పడింది, అక్షరాలు శౌరయ్యవి, కింద ఎముకలు ఎవరివి, కట్టయ్యవి, భయపడి బిళ్ళ వేసుకున్నవాడివి, శౌరయ్యకు తెలిసినంతలో వాడికి తల్లీ లేదు తండ్రీ లేదు, ఏ ఊరో తెలియదు, వెతుక్కుంటూ ఎవరూ రాలేదు, రాకపోతే ఏం, అమ్మ వచ్చింది, నా కొడుకు నా కొడుకు అని సచ్చేదాకా వచ్చింది, పేరు శౌరయ్యదైనా చేయి పెట్టింది వీడి మీదనే, ఏడ్చింది వీడి మీదనే, బండి ఖాళీగా పోలేదు శ్యాంసుందరూ, అడిగే దిక్కు లేనోడు ఎక్కిండు, ఎవరికీ లేనోనికి మా అమ్మ దొరికింది.

పరలోక జపం, మంగళవార్త జపం, కట్టయ్య ఆత్మ కోసం తండ్రీ, మొదటిసారి సరైన పేరుతో, తడబడకుండా, చివర్లో చూసుకుంటే నోట్లో చేదు లేదు, బతికున్నోనికి జపం పంపలేము, మనిషే పోవాలె, అంతే, రేపు పొద్దున మరిపెడ మీదుగా పోయే ఖమ్మం బస్సు.

బిడ్డా, ఫోన్ తియ్యి, నేను చెప్తా, నువ్వు మెసేజ్ రాయి, గొంతే పంపొచ్చు గదా తాతా, వద్దు, నా గొంతు ఇంటే ఆడు ఏడుస్తడు, నేను గూడ, రాయి, అమ్మా భారతీ, రేపు వస్తాన, మీ అమ్మను గూడ చూస్త, రాయి మీద మీ నాయిన పేరు కొట్టేపిచ్చి కట్టయ్య పేరు చెక్కిస్తా, మా అమ్మ పక్కన జాగ ఆనిది, ఆన్ని లేపేది లేదు, తమ్మీ, నీ జాగ బతికున్నోళ్ల కాడ, మన ఇంట్లనే ఉందిరా, బిడ్డా భారతీ, ఇది మీ నాయినకు జర నిమ్మలంగ చదివి ఇనిపియ్యి.