బంట్ల గోడ

పదకొండేళ్ళుగా గ్రంథాలయం చదరంగం జట్టులో మేటి ఆటగాడు కూర్చునే మొదటి బల్ల దర్జీదే. ఆ కుర్చీలో ఇంకొకరు కూర్చుంటారని ఆయన కలలో కూడా అనుకోలేదు, అందులోనూ పెళ్ళాం తమ్ముడు. తాపీమేస్త్రీ అయిన ఆ బావమరిదికి గుర్రం ఎలా దూకుతుందో నేర్పింది తనే. నేర్చుకున్న నాటినుంచి వాడు తన మీద ఒక్క ఆట గెలిచిన పాపాన పోలేదు.

పక్క ఊరి జట్టుతో పోటీ వచ్చే ఆదివారం. ఈసారి గ్రంథపాలకుడు కొత్త పద్ధతి పెట్టాడు. కంప్యూటర్‌తో ఆడి నిలబడ్డవాళ్ళకే మొదటి బల్ల, ఒక్కొక్కరికి నాలుగు ఆటలు. దాన్ని గెలవడం మన తరం కాదు, ఓడిపోకుంటే చాలన్నాడు. దర్జీ మూడుసార్లు మీదపడి ఆడి, మూడుసార్లూ బోల్తాపడ్డాడు. మేస్త్రీ ఒక్క ఆట ఆడి, డ్రా చేసుకుని, చేతులు దులుపుకుని పనిలోకి పోయాడు.

వాడు చేసిందల్లా ఇంతే. తన బంట్లను దాని బంట్లకు ముక్కుకు ముక్కు తగిలేలా నిలిపి, ఎక్కడా సందు లేకుండా మూసేశాడు. ఆ వెనక రాజును గడి అటు, గడి ఇటు తిప్పుతూ కూర్చున్నాడు. బంటు కదలకుండా, పావు చావకుండా యాభై ఎత్తులు గడిస్తే డ్రా. ఎన్ని లక్షల ఎత్తులు లెక్కపెట్టుకున్నా తలుపు లేని గోడలో దూరడం యంత్రానికి చేతకాలేదు.

అదీ ఒక ఆటేనా అని దర్జీ ఇంట్లో గుండీలు కుడుతూ సణిగాడు. భార్య ఇస్త్రీ ఆపలేదు.

"మావాడు నిలబడ్డాడు. మీరు మూడుసార్లు పడ్డారు. ఏది ఆటో మీరే చెప్పండి."

దర్జీ మర్నాడు సాయంత్రం నాలుగో ఆటకు కూర్చున్నాడు. సిగ్గు దిగమింగుకుని అదే గోడ కట్టాడు. మేస్త్రీ చేతులు వెనక్కి కట్టుకుని పక్కనే నిలబడ్డాడు. రాజు ముప్పై ఎత్తులు ఊయల ఊగాక, యంత్రం తన గుర్రాన్ని తెచ్చి ఆయన బంటు నోటి ముందు పెట్టింది. ఊరికే.

ఊరికే వచ్చింది ఉరి తాడేనని బావమరిదికి చెప్పిన మనిషే ఆయన. ఇంకో ఇరవై ఎత్తులు ఓపిక పడితే డ్రా. కానీ డ్రా అయితే లోకం ఏమంటుంది? బావమరిదిని చూసి ఆడాడంటుంది, ఇద్దరూ సమానమంటుంది. వాడితో సమానం! అదే గెలిస్తేనో?

బంటుతో గుర్రాన్ని తినేశాడు.

బంటు పక్కకు జరిగిన చోట గోడకు కన్నం పడింది. అందులోంచి యంత్రం మంత్రి దూసుకొచ్చింది. పద్నాలుగు ఎత్తుల్లో రాజుకు నిలబడే గడి లేకుండా పోయింది. గ్రంథపాలకుడు జాబితా రాశాడు: మొదటి బల్ల మేస్త్రీకి, రెండోది దర్జీకి.

మెట్లు దిగుతుంటే మేస్త్రీ నెమ్మదిగా అన్నాడు.

"ఆరోజు నాక్కూడా ఆ గుర్రాన్ని అలాగే పెట్టింది బావా. నేనసలు చూసుకోలేదు, రాజును జరుపుకుంటూ పోయా. నీకైతే కనపడింది."

దర్జీ ఆ మాటను తిరగేసి, బోర్లేసి చూశాడు. ఎక్కడైనా ఎత్తిపొడుపు దొరికితే హాయిగా నాలుగు తిట్టేవాడు. దొరకలేదు. ఆదివారం కాస్త కళ్ళు తెరుచుకుని ఆడమని బావమరిది భుజం తట్టాడు. వీధి మలుపు తిరిగేలోగానే, వాడు ఓడిపోతే బాగుండునని మనసారా కోరుకున్నాడు.