ఎనిమిదేళ్ల కిందటి ఆది

పంతొమ్మిది వందల డెబ్బై ఎనిమిదిలో చౌడమ్మ మూడు రోజులు కూర్చుని, బైరెడ్డిపల్లెలో కొన్న ఎర్రటి గుడ్డతో తనకు తానే చేత్తో రవిక కుట్టుకుంది. గుడ్డను ముందుగా నీళ్లలో నానబెట్టి, ఆరేసి, ఆ తర్వాతే కత్తెర పెట్టింది. రేపు ఒళ్లొస్తే విప్పుకోవడానికి లోపల రెండు వేళ్ల గుడ్డ మడిచి వదిలింది. తొడుక్కుని చూసుకుంటే ఎక్కడా బిగియలేదు, ఎక్కడా జారలేదు. నలభై ఏళ్లు ఎవరో కుట్టిన రవికల్లో మూటలా బతికిన మనిషికి ఆ పూట తన ఒళ్లు తనదే అనిపించింది.

ఆ రవిక వేసుకునే కుప్పంలో ఆడబిడ్డ కొడుకు పెండ్లికి వెళ్లింది.

విడిదింట్లో తోడికోడలు రంగనాయకమ్మ ఆమెను పైనుంచి కిందికి చూసింది. మొగుడికి మదనపల్లెలో ఆఫీసు ఉద్యోగం వచ్చినప్పటి నుంచి ఆమె ఎవరినైనా అట్లాగే చూస్తుంది.

"ఏందక్కా ఇది, చేతికుట్టా? మీ పక్క టైలరు లేడా?"

"ఉండాడు. నాకూ చేతులుండాయి."

"ఆడపెండ్లోళ్లు బెంగుళూరోళ్లు. సూస్తే నవ్వరా? నువ్వు ఎనకాల కూసో. నాది సూడు, మదనపల్లెలో లైనింగు ఏసి కుట్టించినా."

పరాయివాడి కత్తెరను చూసుకుని ఇంత మిడిసిపాటా అనుకుంది చౌడమ్మ. ముందు వరసలోనే కూర్చోవాలని అప్పుడే తీర్మానించుకుంది.

మరునాడు ముహూర్తానికి గంట ముందు గదిలోంచి రంగనాయకమ్మ కేక వేసింది. కొత్త రవిక హుక్కులు కలవడం లేదు. మూడు వేళ్ల ఎడం. ఊపిరి బిగబట్టినా రెండు వేళ్లు.

వాళ్ల ఇళ్లలో ఆడవాళ్ల ఒంటి మీద టైలరు టేపు పెట్టడు. కొలతకు పాత రవిక పంపుతారు. దాన్నే ఆది అంటారు.

"ఏ రవిక ఆదిచ్చినావు మే?" అంది చౌడమ్మ.

"పిల్లోడు కడుపులో పడకముందుది."

"వాడికి ఏడేండ్లు గదే!"

"నేను లావైన సంగతి ఆ టైలరుకు తెలియాల్నా ఏమి?"

చౌడమ్మకు నవ్వు కూడా రాలేదు. ఊరంతా చూసే ఒంటిని టైలరు దగ్గర మాత్రం దాచిందట! కుట్టు విప్పి వదులు చేద్దామని రవిక తిప్పి చూసింది. లోపల మడత గుడ్డ గోరంతైనా లేదు. ఆ మొనగాడు అంతా నున్నగా కత్తిరించేశాడు.

గడప అవతలి నుంచి మరిది గంగాధరం గొంతు వినబడింది.

"వదినా, నీ రవిక దానికిచ్చెయ్. ఎరుపు గదా, పట్టుచీర అంచుకు సరిపోతాది. నువ్వెట్లా ఎనకాలే కూసుంటావు. ఇంటి పరువు."

"నిన్న నవ్వులపాలన్న రవిక ఈ పొద్దు పరువైందా అప్పా?"

"అట్ల కాదొదినా..."

"నేనెందుకియ్యాల? నా ఒళ్లు సూసుకోని నేను కుట్టుకున్నది. నీ పెండ్లానికి ఒళ్లొకటి, ఆది ఒకటి."

రంగనాయకమ్మ ప్రయాణంలో వేసుకొచ్చిన నీలం రవికే తొడుక్కుని, రెండు భుజాలూ కొంగుతో కప్పుకుని, వెనక వరసలో చెమటలు కక్కింది.

చౌడమ్మ ముందు వరసలో కూర్చుంది. బెంగుళూరువాళ్లెవరూ నవ్వలేదు. అసలు చూడనే లేదు. వాళ్ల కళ్లన్నీ వంటల పందిరి వైపే ఉన్నాయి. చూడటం చేతకాకపోతే వాళ్ల ఖర్మ అనుకుంది.

ఫోటో తీసేవాడు ఆమెను చూసి, "కొంచెం పక్కకు జరుగమ్మా" అన్నాడు.

"నువ్వే జరుగప్పా" అంది చౌడమ్మ.