గుల్లపేట చేతిమైకు

నేనొక చేతిమైకుని. నాకంటూ సొంత మాట లేదు. వెనకవైపు ఎవరి నోరు ఆనితే వాళ్ల మాటను పెద్దది చేసి ముందుకు తోస్తాను. నిజాన్ని ఎంత దూరం వినిపిస్తానో అబద్ధాన్నీ అంతే దూరం వినిపిస్తాను. ఈ పుట్టుక మీద ఒకప్పుడు గర్వంగా ఉండేది. ఇప్పుడు రోతగా ఉంది.

ఢిల్లీలో ఒక ఇరుకు సందులో నన్ను బిగించారు. తెల్లటి గరాటా, ఎర్రటి పిడి, బొటనవేలి కింద మీట. రైలెక్కి విశాఖపట్నం వచ్చాను. మొదట కొన్నవాడు ప్లాట్ల వ్యాపారి. వానాకాలంలో నీళ్లు పారే గెడ్డను మట్టితో పూడ్చి, పైన సున్నంతో గీతలు గీసి, "రండి బాబూ, సముద్రం కనిపించే ప్లాట్లు!" అని నాలోంచి అరిచేవాడు. తొలివానకే గెడ్డ తన దారి వెతుక్కుని ప్లాట్లన్నిటినీ ముంచింది. కొన్నవాళ్లకు సముద్రం నిజంగానే కనిపించింది. వ్యాపారి పారిపోయాడు. అతని గుమాస్తా నన్ను మళ్లీ దుకాణానికే అమ్మేశాడు.

అక్కణ్ణుంచి నన్ను తీసుకెళ్లింది సూరాడ నీలవేణి. గుల్లపేట అనే జాలరి ఊరి పిల్ల. తల్లి ఎండు చేపలు అమ్మి చదివిస్తే, మండల కేంద్రంలోని ప్రైవేటు స్కూల్లో సైన్సు టీచరైంది. ఊరికి ఉత్తరాన ఒక మందుల ఫ్యాక్టరీ ఉంది. దాని మురుగు గొట్టం ఇసక కిందుగా పోయి సముద్రంలో తెరుచుకుంటుంది. అక్కడ నీళ్లు టీ డికాషన్ రంగులో నురగలు కక్కేవి. వల లాగే మగవాళ్ల మోకాళ్ల కింద చర్మం పొలుసులుగా ఊడేది. ఆ కంపును నేనే మర్చిపోలేకపోతున్నాను, ముక్కున్న మనుషుల సంగతి ఏం చెప్పను!

ఫ్యాక్టరీవాళ్లు రెండో యూనిట్ కడతామన్నారు. అధికారులు ఊరి బయట టెంటు వేసి ప్రజాభిప్రాయ సేకరణ పెట్టారు. ముందు వరస కుర్చీలన్నీ తెల్లారేసరికే నిండిపోయాయి. లారీల్లో వచ్చినవాళ్లు, చేతుల్లో బిర్యానీ పొట్లాలు. ఒక్కొక్కరే లేచి ఫ్యాక్టరీ రావాలన్నారు. గుల్లపేటవాళ్ల వంతు వచ్చేసరికి కరెంటు పోయింది. అధికారి వాచీ చూసుకుని ఇక ముగిద్దామన్నాడు.

నీలవేణి కుర్చీ ఎక్కి నా మీట నొక్కింది. అరవలేదు. క్లాసులో పిల్లల్ని అడిగినట్టు ముందు వరసలోని ముసలాయన్ని అడిగింది.

"తాతా, ఏ ఊరు మీది?"

ఆయన అమాయకంగా తన ఊరి పేరు చెప్పాడు. అది రెండు జిల్లాల అవతల, సముద్రం ఎలా ఉంటుందో కూడా తెలియని ఊరు.

"మరి మీదమ్మా?"

ఆవిడదీ అదే ఊరు. మూడో మనిషి తల దించుకున్నాడు. నాలుగో మనిషి బిర్యానీ పొట్లం చంకలో పెట్టుకుని లేచిపోయాడు. టెంటంతా గొల్లున నవ్వింది. సేకరణ వాయిదా పడింది.

ఆ నవ్వుకు ఊరు గట్టి మూల్యమే చెల్లించింది. సాయంత్రం పోలీసులు లాఠీలు తిప్పారు. రాళ్లు విసిరారని ఊళ్లో మగవాళ్ల మీద కేసులు పెట్టారు. నీలవేణి బావ గరికిన అప్పలసూరి ఆ రోజు వేటకెళ్లి సముద్రంలోనే ఉన్నాడు. అతని పేరే మొదట రాసి, జైలుకూ బయటికీ తిప్పుతూ వచ్చారు. వారం తిరక్కుండా నీలవేణి ఉద్యోగం పోయింది.

అప్పుడు వచ్చాడు సదానందం గారు. రిటైరైన ప్రొఫెసరు, ఖద్దరు చొక్కా, మెత్తటి మాట. 'నేల–నీరు పార్టీ' అని కొత్తగా పెట్టాడు. "ఈ రెండు పార్టీలూ ఒకే ఫ్యాక్టరీ పెట్టే అన్నం తింటున్నాయమ్మా. మూడో దారి మనమే వెయ్యాలి. నువ్వు నిలబడు" అన్నాడు. ఆమె నమ్మింది. నిజం చెప్పొద్దూ, నేనూ నమ్మాను.

మొదటి ఎన్నికల్లో మా పర్యావరణ పార్టీకి ఇచ్చిన గుర్తు గ్యాస్ సిలిండరు. "చెట్లు కాపాడండి, సిలిండరుకు ఓటెయ్యండి" అని నాలోంచి చెబుతుంటే నీలవేణికే నవ్వొచ్చేది. డిపాజిట్ పోయింది. ఆమె ఆగలేదు. అయిదేళ్లూ నన్ను భుజాన తగిలించుకుని ఊరూరా తిరిగింది. రొయ్యల చెరువుల ఉప్పునీటితో బావులు పాడైనవాళ్ల దగ్గర కూర్చుంది, క్వారీ దుమ్ముతో దగ్గేవాళ్ల దగ్గర కూర్చుంది. ముందు వాళ్లు చెప్పింది విని, తర్వాతే నన్ను తీసేది. రెండోసారి నిలబడేసరికి జనం వాళ్లంతట వాళ్లే వచ్చారు. ఒక్క లారీ పెట్టలేదు, ఒక్క పొట్లం పంచలేదు. ఆమె గెలుస్తుందని అవతలి పార్టీ వాళ్లే చెప్పుకోవడం విన్నాను.

నామినేషన్లు వెనక్కి తీసుకునే ఆఖరి రోజు పొద్దున సదానందం గారు ఆమెను పార్టీ ఆఫీసుకు పిలిచాడు.

"పై స్థాయిలో అవతలి పార్టీతో సర్దుబాటు జరిగిందమ్మా. ఈ సీటు వాళ్లకు వదిలేద్దాం. వాళ్లు రాగానే గుల్లపేట కేసులన్నీ ఎత్తేస్తారు."

"మరి రెండో యూనిట్టండీ?"

"అన్నీ ఒకేసారి అడక్కూడదు కదా."

"మూడో దారన్నారు కదండీ మీరు!"

ఆయన టీ కప్పు కిందపెట్టి చిరునవ్వు నవ్వాడు. "నీ బావ మళ్లీ జైల్లోనే ఉన్నాడని విన్నాను. ఆలోచించుకో."

ఆమె గుల్లపేట వెళ్లింది. ఒడ్డున వలలు బాగుచేస్తున్న వాళ్ల మధ్య కూర్చుని ఉన్న సంగతి ఉన్నట్టు చెప్పింది. నన్ను వాడలేదు. కొందరు వద్దన్నారు, కొందరు తల తిప్పుకున్నారు. చివరికి అప్పలసూరి పెళ్లాం, నీలవేణి అక్క చిట్టెమ్మ లేచింది.

"నువ్వు గెలుత్తావే, నానొప్పుకుంతాను. గెలిత్తే నీ బావని వొగ్గేత్తారేటి? సెప్పు."

నీలవేణి చేతికందిన వల తీసుకుని చిక్కు విప్పసాగింది.

"అయితే ఆ సంతకమేదో ఎట్టేసీ. సముద్రం ఎక్కడికీ పోదు."

"పోతాదప్పా. మనకి దక్కకుండా పోతాది," అంది నీలవేణి అక్కతో.

"ముందు నా మనిషిని తెచ్చియ్యే. సముద్రం సంగతి తరవాత సూద్దారి."

నీలవేణి సంతకం పెట్టింది. అంతటితో అయిపోలేదు. సదానందం గారు నన్ను తెచ్చి ఆమె చేతికిచ్చాడు. "నీ నోటితోనే చెప్పమ్మా. నువ్వు చెబితేనే జనం నమ్ముతారు."

జీపులో నిలబడి ఆమె చెప్పింది. పోటీ నుంచి తప్పుకుంటున్నానంది. ఎందుకో చెప్పలేదు. ఎదురుగా నిలబడ్డ ఆడవాళ్ల ముఖాలు నాకు కనిపిస్తూనే ఉన్నాయి. ఒకావిడ కొంగు దులుపుకుని, ఉమ్మేసి వెళ్లిపోయింది. ఆ మాటలు నా గరాటాలో ఇరుక్కుని ఆగిపోతే బాగుండుననిపించింది. ఆగలేదు. బ్యాటరీలు కొత్తవి, ఊరి చివరిదాకా వినిపించాయి. నీలవేణి నన్ను జీపు సీటు మీద పడేసి, దిగి, నడిచి వెళ్లిపోయింది. మళ్లీ పార్టీ గడప తొక్కలేదు.

సీటు దక్కించుకున్న అవతలి పార్టీయే గెలిచి అధికారంలోకి వచ్చింది. సదానందం గారు సముద్రతీర పరిరక్షణ సంస్థకు చైర్మన్ అయ్యాడు. కారు, ఏసీ గది, బిళ్ల బంట్రోతు వచ్చాయి. గదికి చెక్కపని చేయించి ఇచ్చింది ఫ్యాక్టరీవాళ్లే. కేసుల్లో ఒక్కటీ పోలేదు. నన్ను మాత్రం గాజు అలమారాలో పెట్టించి, కింద ఇత్తడి రేకు మీద 'ఉద్యమ గళం' అని చెక్కించాడు. వచ్చినవాళ్లందరికీ నన్ను చూపించి, "ఈ మైకుతోనే నేను గుల్లపేటను కదిలించాను" అంటాడు. ఆయన ఏనాడూ నా మీట నొక్కి ఎరగడు. విన్న ప్రతిసారీ నాకు గాజులోపల కంపు కొట్టినట్టుంటుంది.

నీలవేణి చాలాకాలం ఎవరికీ ముఖం చూపించలేదట. తర్వాత పంచాయతీ ఎన్నికల్లో, ఏ పార్టీ లేకుండా, సర్పంచిగా నిలబడింది. ఇల్లిల్లూ తిరిగి, తాను ఎందుకు తప్పుకుందో చెప్పి ఓటడిగిందట. కొద్ది ఓట్లతో గెలిచింది. ఇవన్నీ చైర్మన్ గది కబుర్లలో విన్నవే.

ఒకరోజు పదకొండింటికి తలుపు తోసుకుని ఆమే వచ్చింది. జుట్టు నెరిసింది. వెనక చిట్టెమ్మ, ఇంకా గుల్లపేట ఆడవాళ్లు, సంతకు వెళ్తూ వెళ్తూ ఎండు చేపల గంపలతోనే లోపలికొచ్చేశారు. సదానందం గారు లేచి, "రామ్మా నీలవేణీ! చూశావా నీ మైకు ఎంత భద్రంగా ఉందో! తీయిస్తాను, పట్టుకో, ఒక ఫొటో దిగుదాం" అన్నాడు.

"ఇంత దగ్గిర నిలబడ్డాం కదండీ, మైకెందుకు?" అందామె. "మా బావ మీద కేసు ఎప్పుడు తీస్తారో అది చెప్పండి."

"ప్రాసెస్‌లో ఉందమ్మా."

"అయితే కూర్చుంటాం."

కార్పెట్ మీద గంపలు దించి అందరూ కూర్చున్నారు. ఏసీ గదంతా ఎండు చేపల వాసన కమ్ముకుంది. సముద్రతీర పరిరక్షణ చైర్మన్ గారు జేబురుమాలు తీసి ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు.

చిట్టెమ్మ అది చూసింది. "ఏటి బాబూ, మా వాసనే గిట్టదా? మరెవులి సముద్రం కాత్తన్నావు?"

ఆయన ఫోను తీశాడు. కేసు సంగతి కనుక్కోవడానికనుకున్నాను. పోలీసులకు చేశాడు.

ఆడవాళ్లను చేతులు పట్టుకుని ఈడ్చుకెళ్లారు. ఒక గంప బోర్లా పడి చేపలు నా అలమారా ముందు చెల్లాచెదురయ్యాయి. చైర్మన్ ఫొటో కోసం వచ్చిన పేపరు మనిషి గుమ్మంలోనే ఉన్నాడు. మర్నాడు మొదటి పేజీలో ఆ బొమ్మే వచ్చింది: ముక్కున రుమాలుతో చైర్మన్, నేల మీద నీలవేణి. పై నుంచి చీవాట్లు పడ్డాయి. నెల తిరక్కుండా కేసులన్నీ ఎత్తేశారు. అప్పలసూరి మళ్లీ వేటకెళ్లాడు. రెండో యూనిట్ గోడలు మాత్రం లేస్తూనే ఉన్నాయి. వాటి మీద నీలవేణి పంచాయతీ తరఫున కోర్టుకెళ్లింది.

కేసులు ఎత్తేసిన వార్తను సదానందం గారు పేపర్లోంచి శ్రద్ధగా కత్తిరింపించాడు. ఫొటో వచ్చిన పేజీ కాదు, ఇది లోపలి పేజీలోది. దాన్ని ఫ్రేము కట్టించి, అలమారాలో నా పక్కనే పెట్టించాడు. కింద మరో ఇత్తడి రేకు చేరింది: 'చైర్మన్ గారి చొరవతో మత్స్యకారులపై కేసుల ఎత్తివేత'.

బంట్రోతు రోజూ పొద్దున్నే ఆ రేకును, నన్నూ ఒకే గుడ్డతో తుడుస్తాడు.