రాతి మీద కాపలా

చునోక్ పెంచుకున్న కుక్క నురుంజి చచ్చిపోయి నెలైనా తిరగలేదు, జేజు దీవిలో ఆ రేవు ఆడవాళ్లంతా ఆమెకు బుద్ధులు చెప్పడం మొదలుపెట్టారు. "కుక్కేగా, ఇంకోటి తెచ్చుకో" అంది ఒకావిడ. అరిగిన చీపురా ఏమన్నా, పారేసి ఇంకోటి తెచ్చుకోవడానికి!

వాళ్ల భాషలో నురుంజి అంటే అడుగంటిన అన్నం మాడు. దాని ఒంటి రంగూ అదే. చునోక్‌ది సముద్రంలో మునిగి, రాళ్లను కరుచుకుని ఉండే తినే గుల్లలు ఏరే పని. ఆ పనికి గాలిసిలిండర్లు ఉండవు, ఊపిరి బిగబట్టి దిగడమే. పైకి తేలగానే బిగబట్టిన ఊపిరి ఈలలా బయటికొస్తుంది. ఆ ఈల వినగానే ఒడ్డున రాతి మీద కూర్చున్న నురుంజి మొరిగేది. ఈల కాస్త ఆలస్యమైతే గెంతులేస్తూ గొంతు చించుకునేది. నీళ్లలో చునోక్‌కు అది వినపడేది కాదు గానీ, పైన ఓ పిచ్చిప్రాణి అల్లాడిపోతోందని తెలుసు. అందుకే ఎంత మంచి గుల్ల కనపడినా వదిలేసి వచ్చేసేది. అక్కడ మనుషుల ప్రాణం తీసేది సముద్రం కాదు, 'ఇంకొక్కటి' అనే ఆశ.

నురుంజి పోయాక మొదటిసారి దిగిననాడు ఆ ఆశే చునోక్‌ను పట్టుకుంది. ఇంకొక్కటి, ఇంకొక్కటి అంటూ కిందే ఉండిపోయింది. మునిగే ఆడవాళ్ల జట్టుకు పెద్దయిన సండోక్ చూసి జుట్టు పట్టుకుని పైకి లాగబట్టి బతికింది. ఒడ్డున మంట పక్కన కూర్చోబెట్టి సండోక్ చెడామడా తిట్టింది.

"పైకి రావాలని లేనిదానివి కిందికి దిగకు. శవాలు మోసే ఓపిక నాకు లేదు."

"రావాలనే ఉందక్కా. తొందరే లేదు."

"ఆ తొందర పుట్టేదాకా ఇంట్లో పడుండు."

ఇంట్లో ఏముంది? నురుంజి తిన్న గిన్నె, తలుపు మీద దాని గోళ్ల గీతలు. చునోక్‌కు ఆ ఇంటికంటే సముద్రమే నయం. ఇప్పుడు అదీ లేకుండా పోయింది.

పక్కింట్లో ఉండేది ఆడపడుచు మల్జా. మోకాళ్లు అరిగి ఆవిడ ఎప్పుడో దిగడం మానేసింది గానీ, నోరు మాత్రం అరగలేదు. ఆరబెట్టిన చేపలు ఎత్తుకుపోతున్నాడని నురుంజిని తిట్టకుండా ఆవిడకు ఒక్క పూట గడిచేది కాదు. ఆ సాయంత్రం గుల్లలు వేసి కాచిన జావ పట్టుకుని కుంటుకుంటూ వచ్చింది.

"ఏమే, ఆ దొంగవెధవ పోయాడని తిండి మానేశావట! వాడు మాత్రం నా చేపలన్నీ మెక్కి హాయిగా పోయాడు."

"వదినా, పైకి తేలి ఈల వేస్తే పలికేవాళ్లే లేరు" అంటూ చునోక్ బావురుమంది.

మల్జా జావలో గరిటె తిప్పి, "చల్లారిపోతోంది, తిను" అని మాత్రం అంది.

తెల్లవారి చునోక్‌ను వెంటబెట్టుకుని రేవుకు వచ్చింది. "దీన్ని దిగనీ, దీని సంగతి నేను చూసుకుంటా" అని సండోక్‌తో చెప్పి, నురుంజి కూర్చునే రాతి మీదికి మూలుగుతూ ఎక్కింది.

చునోక్ మునిగింది, తేలింది, ఈల వేసింది.

"భౌ!"

తనకు మతి పోయిందేమో అనుకుంది చునోక్. తిరిగి చూస్తే రాతి మీద తలగుడ్డ ఊడిపోయి, మెడ సాచి మల్జా.

"భౌ! భౌ భౌ!"

నీళ్లలో ఉన్న ఆడవాళ్లందరూ పొట్టలు పట్టుకుని నవ్వారు. "ఏం చూస్తున్నారే? మీ పని మీరు చూసుకోండి!" అని మల్జా కసిరింది.

చునోక్‌కు నవ్వూ ఏడుపూ ఒకేసారి ముంచుకొచ్చాయి. "మొరిగే కుక్క కరవదంటారు గానీ, నువ్వు రెండూ చేస్తావు వదినా!" అని అరిచి మళ్లీ మునిగింది.

ఈసారి ఒక బండ కింద అరచేయంత గుల్ల కనపడింది. అలాంటిది దొరికి ఏళ్లయింది. గుల్లలు ఊడదీసే ఇనుప పట్టీ దాని కిందికి దూర్చింది. ఇంకొక్క మెలి తిప్పితే ఊడొస్తుంది. కానీ పైన ఈదురుగాలిలో ముసలిది, పాడైపోయిన మోకాళ్లతో, గొంతు చించుకుంటూ ఉంటుంది. చునోక్ పట్టీ వెనక్కి లాగేసుకుని పైకి వచ్చింది, ఈల వేసింది.

"భౌ!" అని బొంగురుగా వచ్చింది జవాబు. మల్జా కళ్లు తుడుచుకుంటోంది. "ఇంతసేపా, పాపిష్టిదానా?"

"కింద పెద్ద గుల్ల ఉంది వదినా."

"ఉండనీ. అదెక్కడికీ పోదు. నువ్వు రా."