నూట నలభై రెండో సంచిక

శనివారం ఉదయం పదకొండూ పదికి లిఫ్ట్ మెకానిక్ పాత పత్రికల కట్టలోంచి ఒక సంచిక లాగి, చొక్కా పైకెత్తి, బనీనుకూ పొట్టకూ మధ్య దోపుకున్నాడు. ఆ సమయానికి గదిలో ఇంకెవరూ లేరు. భార్య వంటింట్లో ఉంది. ఆవిడ తమ్ముడు కింద వ్యాను వెనక్కి తిప్పి పెడుతున్నాడు.

అవి ఇంట్లో కూర్చుని ఎలక్ట్రానిక్ సామాన్లు సొంతంగా తయారుచేసుకునే వాళ్ల కోసం వెలువడిన మాసపత్రికలు. మొత్తం మూడు వందల పదకొండు. మెకానిక్ తన ఇరవయ్యో ఏట మొదటిది కొన్నాడు. ఎనిమిదేళ్ల కిందట పత్రిక మూతపడేదాకా ఒక్కటీ వదల్లేదు. ఇప్పుడతనికి యాభై నాలుగు.

గది ఖాళీ చేయాలి. కూతురు ఫిజియోథెరపిస్టు. సోమవారం నుంచి ఆ గదిలో పేషెంట్లను చూస్తుంది. వాళ్లను పడుకోబెట్టే బల్ల ఈ శనివారమే సాయంత్రం నాలుగింటికి వస్తుంది.

పత్రికల్ని ఏం చేయాలన్న దాని మీద ఇంట్లో వారం రోజులు మాటలు నడిచాయి. పాత పేపర్ల వాడికి ఇచ్చేయమని బావమరిది అన్నాడు. అటక మీద పెడదామని మెకానిక్ అన్నాడు. అటక మీద ఏమున్నాయో ఒకసారి ఎక్కి చూడమని భార్య అంది. అతను ఎక్కి చూసి, దిగి, మళ్లీ ఆ మాట ఎత్తలేదు. బుధవారం భార్యే తేల్చేసింది. ఆవిడ ల్యాబ్‌లో రక్తం తీసే ఉద్యోగి. ఆ రోజు పరీక్షకు వచ్చిన ఒకామె సాంకేతిక పాఠశాలలో ల్యాబ్ టీచరని తెలిసి, పత్రికల సంగతి చెప్పింది. టీచర్ అన్నీ తీసుకుంటానంది.

"చేతిలో సూది పెట్టుకుని అడిగితే ఎవరు కాదంటారక్కా," అన్నాడు బావమరిది.

చొక్కాలో దోపుకున్నది నూట నలభై రెండో సంచిక. అందులో యాభై ఆరో పేజీలో మెకానిక్ సర్క్యూట్ అచ్చయింది. ట్యాంకు నిండగానే నీళ్ల మోటారు తనంతట తాను ఆగిపోయే సర్క్యూట్. అతని పేరు మీద అచ్చయింది అదొక్కటే. ఆ నెల నుంచి కంపెనీలో అతన్ని రచయిత అని పిలుస్తున్నారు. లిఫ్టు ఇరుక్కుపోతే, "రచయితని పంపండి" అని ఫోన్లు వస్తాయి. పత్రిక వాళ్లు అతనికి ఉచితంగా పంపిన ప్రతిలోంచి ఆ పేజీ కోసి, భార్య ఫ్రేము కట్టించింది. హాల్లో టీవీ పైన మేకుకు వేలాడుతోంది. ఇరవై రెండేళ్లయింది.

ఆ సర్క్యూట్ బొమ్మలో తప్పుంది.

మోటారుకు వెళ్లే రెండు తీగల్లో కరెంటు తెచ్చేది ఫేజు. స్విచ్ దాని మీద ఉండాలి. మెకానిక్ రెండో తీగ మీద, న్యూట్రల్ మీద గీశాడు. అలా బిగిస్తే స్విచ్ ఆపగానే మోటారు ఆగుతుంది. కానీ కరెంటు మోటారు దాకా వచ్చి కూర్చునే ఉంటుంది. ఆగింది కదా అని తీగ పట్టుకున్నవాడికి షాక్ కొడుతుంది.

అచ్చయిన నెల రోజులకు పత్రిక ఆఫీసు నుంచి ఒక పాఠకుడి ఉత్తరం అతనికి వచ్చింది. "అయ్యా, మీ బొమ్మ ప్రకారం చేశాను. స్విచ్ ఆపి తీగ పట్టుకుంటే షాక్ కొట్టింది. కుడిచేతి రెండు వేళ్లు మడతపడటం లేదు. తప్పు నాదా, బొమ్మదా? నాదైతే నేర్చుకుంటాను. జవాబు రాయగలరు." కింద ఊరూ వీధీ ఉన్నాయి.

మెకానిక్ జవాబు రాయలేదు. పత్రికకూ రాయలేదు. ఉత్తరాన్ని యాభై ఆరో పేజీలో పెట్టి మూసేశాడు. అప్పటి నుంచి ఏ భవనానికి పనికి వెళ్లినా, లిఫ్టు పని అయ్యాక డాబా మీదకు వెళ్లి నీళ్ల మోటారు పెట్టె విప్పి, స్విచ్ ఆపి, టెస్టర్ పెట్టి చూస్తాడు. ఎందుకని వాచ్‌మెన్లు అడిగితే, అలవాటు అంటాడు. తన బొమ్మ ప్రకారం బిగించినవి రెండు దొరికాయి. రెండు చోట్లా ఎవరికీ చెప్పకుండా తీగలు మార్చి వచ్చాడు.

భార్య చేయి తుడుచుకుంటూ గదిలోకి వచ్చింది.

"ఏవండీ, మీ సర్క్యూట్ ఉన్న పుస్తకం పైన పెట్టండి. టీచర్ మేడమ్ మరీ మరీ అడిగింది."

"ఉంటుందిలే ఎక్కడో. అక్కడ వెతుక్కుంటారు."

"ఎక్కడో ఏంటి? రాత్రి లేపి అడిగినా ఏది ఏ వరసలో ఉందో చెప్తారు కదా."

అతను పురికొస ముడి వేస్తూ కూర్చున్నాడు. వేసిన ముడే విప్పి మళ్లీ వేశాడు.

పత్రికలు ఇరవై ఆరు కట్టలయ్యాయి. మూడో అంతస్తు. లిఫ్టు నాలుగు రోజులుగా పనిచేయడం లేదు.

"లిఫ్టు మెకానిక్ బావ, ఆయనుండే బిల్డింగ్‌లో మెట్లెక్కే బావమరిది," అన్నాడు బావమరిది, చెరో చేతిలో ఒక కట్టతో దిగుతూ.

"అది మా కంపెనీది కాదురా."

"మీ కంపెనీది అయితే వారం పట్టేది."

మెకానిక్ కట్టను పొట్టకు ఆనించి పట్టుకుని దిగుతున్నాడు. రెండో అంతస్తు దగ్గర ఆగి చొక్కా సర్దుకున్నాడు. మొదటి అంతస్తు దగ్గర మళ్లీ ఆగాడు. పన్నెండున్నరకు ఆఖరి కట్ట వ్యానెక్కింది. భార్య పై నుంచి వచ్చి ఒక పొడుగు నోటుపుస్తకం ముందు సీటు మీద పెట్టింది. ఏ సంచికలో ఏ సర్క్యూట్ ఉందో మెకానిక్ నెలనెలా రాసుకున్న పట్టిక అది.

"ఇదెందుకు?" అన్నాడు మెకానిక్.

"ఇది లేకపోతే వాళ్లకెలా తెలుస్తుంది?"

అతను నోటుపుస్తకం ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. దారిలో మందుల షాపు కనబడగానే ఆపమన్నాడు. దిగి, షాపు పక్కనున్న చెత్తడబ్బా దాకా నడిచి, చొక్కా గుండీ మీద చేయి వేసి నిలబడ్డాడు. ఒకామె చెత్తబుట్ట పట్టుకుని వచ్చింది. అతను పక్కకు జరిగాడు. ఆమె వెళ్లాక కూడా చేయి గుండీ మీదే ఉంది. వెనక్కి వచ్చి వ్యానెక్కాడు.

"ఏం కొన్నావు?"

"ఏం లేదు."

"ఇందాకట్నుంచీ పొట్ట పట్టుకుంటున్నావు. గ్యాసా బావా?"

"ఆఁ, గ్యాసే."

"మరి మందుల షాపుకెళ్లి ఉత్తచేతులతో వచ్చావేంటి?"

మెకానిక్ కిటికీ అద్దం దించాడు. మళ్లీ ఎక్కించాడు.

పాఠశాల చేరేసరికి ఒంటిగంటా ఐదు. ల్యాబ్ టీచర్ వరండాలో రెండు బల్లలు జోడించి ఉంచింది. నలభై ఏళ్లుంటాయి. ఎడమ మోచేతి దగ్గర రక్తం తీసిన చోట ఇంకా కమిలి ఉంది. నోటుపుస్తకం తీసుకుని, కట్టలు విప్పించి, ఒక్కో సంఖ్యకూ పెన్సిల్‌తో టిక్కు పెడుతూ వచ్చింది. ముప్పావుగంట పట్టింది. మెకానిక్ వరండా ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచాడు. కుళాయి దగ్గర మూడుసార్లు నీళ్లు తాగాడు.

"నూట నలభై రెండు లేదండీ," అంది టీచర్.

"పోయినట్టుంది."

"అయ్యో, అది మీదే కదా! సోమవారం మొదటి సంవత్సరం వాళ్ల చేత మీ సర్క్యూటే చేయిద్దామనుకున్నాను. ముప్పై రెండు మంది ఉన్నారు. సామాన్లు కూడా తెప్పించేశాను."

"వేరేది ఏదైనా చేయించండి. నూట అరవైలో రేడియో ఉంది."

"పర్లేదులెండి. ఇంట్లో ఫ్రేము కట్టించారట కదా. ఫోటో తీసి పంపమని మీ ఆవిడకి మెసేజ్ పెట్టాను." ఆమె చేతిలో ఫోన్ మోగింది. "ఇదిగో, వచ్చేసింది."

ఆమె బొమ్మను రెండు వేళ్లతో పెద్దది చేసింది. మెకానిక్ ఆమె పక్కకు వచ్చి నిలబడ్డాడు. తెర మీద మోటారు, ట్యాంకు, రెండు తీగలు. ఒక తీగ మీద స్విచ్.

"అది చేయించకండి మేడమ్," అన్నాడు.

"ఎందుకండీ?"

"తప్పు గీశాను."

అతను చొక్కా పైకెత్తి సంచిక బయటికి తీశాడు. అట్ట చెమటకు తడిసి మెత్తబడింది.

"అదా గ్యాసు!" అన్నాడు బావమరిది.

మెకానిక్ యాభై ఆరో పేజీ తీసి స్విచ్ మీద వేలు పెట్టాడు. పేజీలోంచి ఉత్తరం జారి బల్ల కింద పడింది. బావమరిది వంగి తీశాడు. విప్పి చదివాడు. రెండోసారి చదివి, మడిచి, టీచర్‌కి ఇచ్చాడు. తర్వాత వెళ్లి మెట్ల మీద కూర్చున్నాడు.

టీచర్ ఉత్తరం చదివింది. బొమ్మ చూసింది.

"ఎప్పుడు తెలిసింది మీకు?"

"ఉత్తరం వచ్చిన రోజే."

"సవరణ పంపలేదా?"

"లేదు."

"ఆయనకి?"

"లేదు."

డాబాల మీద మోటారు పెట్టెలు విప్పి చూసే సంగతి అప్పుడు చెప్పాడు. రెండు చోట్ల మార్చానన్నాడు. ఎన్ని చోట్ల చూశారని ఆమె అడిగింది. లెక్క పెట్టలేదన్నాడు.

"ఈ పేజీ చించేస్తే సరిపోదా మేడమ్?"

"మీ దగ్గరున్నది పోతుంది. అందరి దగ్గరా ఉన్నది పోదు కదండీ." జేబులోంచి ఎర్ర పెన్ను తీసి బల్ల మీద పెట్టింది. "స్విచ్ ఎక్కడుండాలో గీయండి. కింద కారణం రాసి సంతకం పెట్టండి. ఇది కూడా తీసుకుంటాను. పిల్లలకి తప్పు బొమ్మ, ఒప్పు బొమ్మ రెండూ చూపిస్తాను. మీ పేరు చెప్పే చూపిస్తాను. ఇష్టం లేకపోతే ఇప్పుడే చెప్పండి."

మెకానిక్ పెన్ను తీసుకుని మూత తీశాడు. పెట్టాడు. వరండా చివరిదాకా వెళ్లి వచ్చాడు. రెండూ పదికి కూర్చుని, పాత స్విచ్ మీద అడ్డంగా గీత కొట్టి, ఫేజు మీద కొత్తది గీశాడు. కింద రెండు వాక్యాలు రాసి సంతకం పెట్టాడు. ఉత్తరం వెనక్కి అడిగి తీసుకున్నాడు.

తిరుగుదారిలో బావమరిది ఒక్కసారే మాట్లాడాడు. "అక్కకి నేను చెప్పను. నువ్వే చెప్పు."

నాలుగూ ఐదుకి బల్ల వచ్చింది. గదిలోకి ఎక్కించడానికి అరగంట పట్టింది. బల్ల తెచ్చినవాళ్లు వెళ్లాక మెకానిక్ హాల్లో నిలబడి, ఫ్రేము వైపు చూస్తూ భార్యకు చెప్పాడు. ఉత్తరం చేతికిచ్చాడు. ఆవిడ నిలబడే చదివింది.

"ఇరవై రెండేళ్ల నుంచి దీని దుమ్ము తుడుస్తున్నాను నేను," అంది. "వచ్చిన ప్రతివాడికీ చూపించాను. మీరు పక్కనే కూర్చుని టీ తాగేవారు."

"చెప్తే తీసేస్తావని..."

"తీసేస్తే ఏమయ్యేది? మేకు మిగిలేది." ఉత్తరం అతని ముందు పెట్టింది. "మిమ్మల్ని అడిగింది ఒకటే కదండీ ఆయన. తప్పు నాదా అని. ఒక్క ముక్క రాయడానికి చేయి రాలేదా?"

ఆవిడ స్టూలు ఎక్కి ఫ్రేము దించింది. స్క్రూడ్రైవరు తెచ్చి అతని చేతికిచ్చింది. అతను వెనక అట్ట విప్పి, పేజీ బయటికి తీసి, అదే సవరణ ఎరుపుతో గీసి సంతకం పెట్టాడు. టీచర్ పెన్ను అతని జేబులోనే వచ్చేసింది. ఐదూ నలభైకి భార్య ఫ్రేమును మళ్లీ మేకుకు తగిలించింది. తర్వాత తెల్లకాగితం తెచ్చి టేబుల్ మీద పెట్టింది.

అతను నాలుగు కాగితాలు పాడు చేశాడు. ఐదో దాని మీద మూడు వాక్యాలున్నాయి. "తప్పు మీది కాదు. బొమ్మది. బొమ్మ గీసింది నేను." కింద తన చిరునామా, ఫోన్ నంబరు రాశాడు.

సోమవారం ఉదయం ఎనిమిదీ యాభైకి ఉత్తరాన్ని పోస్టు డబ్బాలో వేశాడు. కవరు మీద రాసింది ఇరవై రెండేళ్ల కిందటి చిరునామా. పది గంటలకు పాఠశాలకు వెళ్లి టీచర్ పెన్ను తిరిగి ఇచ్చాడు. ముప్పై రెండు మంది ముందు తప్పు బొమ్మ ప్రకారం బిగించిన మోటారు తీగకు టెస్టర్ ఆనించి, స్విచ్ ఆపినా అందులో వెలుగుతున్న దీపాన్ని చూపించాడు.

పోస్టు చేసిన పంతొమ్మిదో రోజు సాయంత్రానికి కూడా ఉత్తరం వెనక్కి రాలేదు. జవాబూ రాలేదు.