వాన మీద పడక

పొద్దున్నే ఫిదెన్సియో కాఫీ కాచుకుంటాడు. అది కాఫీయో వేడినీళ్ళో నాలుక చెప్పదు, అయినా తాగుతాడు. కప్పు కడిగి బోర్లిస్తాడు. గుమ్మం పక్కన మేకుకి గుచ్చిన కాగితం చూసి, ఆవేళ ఎవరి వంతని ఉంటే వాళ్ళ పొలానికి తన పికప్ ట్రక్కు తోలుకుపోతాడు. అక్కడ ట్రక్కు వెనకున్న తొట్టి తలుపు దించితే నీళ్ళు బొళబొళా చాళ్ళలోకి దూకుతాయి. సాయంత్రం దాకా బండి అక్కడే ఉంటుంది. ఆయనా ఆ పక్కనే గట్టు మీద కూర్చుంటాడు.

పోయిన సెప్టెంబరులో భార్య ఎర్లిండాని పాతిపెట్టి వచ్చిన మర్నాటి నుంచీ ఆ తొట్టిలో వాన పడుతోంది. పెద్ద వానేం కాదు, సన్నగా, ఎడతెగకుండా పడే ముసురు. ముందు క్యాబిన్ కప్పుకి నాలుగు వేళ్ళ ఎత్తున మొదలై తొట్టిలోనే పడుతుంది, బయట చుక్క రాలదు. న్యూమెక్సికో కొండల్లో కాన్యోన్ సెకో లాంటి ఊరికి వాన వస్తే ఎందుకొచ్చిందని ఎవరడుగుతారు? ఎవరి వంతని అడుగుతారు. ఆ ఏడు కొండమీద మంచు సరిగా పడక, మే నెలకే కాలవ ఎండింది. కాలవ పెద్ద సెఫెరీనా డెబ్బై ఏళ్ళ మనిషి. "లోయలో పడ్డ ప్రతి చుక్కా కాలవదే" అని తేల్చేసి, పికప్పుని కూడా వంతుల కాగితంలోకి ఎక్కించింది. ఫిదెన్సియో సరేనన్నాడు. ఆయన దేనికైనా సరేనంటున్నాడు అప్పటికి.

సమాధి దగ్గర ఆయన ఏడవలేదు. తరవాతా ఏడవలేదు. రాయిరా బాబూ, రాయి, అన్నారు జనం. రాయైతే కనీసం ఎండకి వేడెక్కుతుంది. ఆయనకి కారం కారంగా లేదు, చలి చలిగా లేదు. నిద్ర అసలే లేదు. మంచం మీద కళ్ళు మూసుకుని తెల్లారేదాకా మేలుకునే ఉండేవాడు. ఇది బాధ అని కూడా ఆయనకి తోచలేదు. తోచి ఉంటే మేలయ్యేది.

జూన్ మొదటి వారంలో ఒక మంగళవారం ఆయన తన బావమరిది ఒనెసిమో వెల్డింగు షెడ్డుకి వెళ్ళాడు. ఒనెసిమో ఎర్లిండాకి తమ్ముడు.

"తొట్టి మీద ఇనప రాక్ కావాలి. పైన పడుకోడానికి చెక్కలు. వాన కిందే ఉండాలి, నేను పైనుండాలి."

"చేపలు పట్టడానికి పోతున్నావా బావా?"

"వయోమింగులో గొట్టాలు వేసే పని దొరికింది. సోమవారం పొద్దున అక్కడుండాలి. ఆదివారం తెల్లారేసరికి బయల్దేరతా."

"ఎన్నాళ్ళు?"

"తిరిగొచ్చే పని లేదు."

ఒనెసిమో వెల్డింగు ముసుగు కిందికి లాక్కున్నాడు, చేతిలో మంటైతే లేదు. అక్కంటే వాడికి ప్రాణం. అక్క ఎలా నవ్వేదో, ఏ మాటకి గయ్యిమనేదో రోజూ చూసినవాడు ఇంక బావ ఒక్కడే మిగిలాడు. ఆయనా పోతే అక్క రెండోసారి పోయినట్టే.

"కొలుద్దాం పద" అన్నాడు ముసుగులోంచే.

తొట్టి అంచుల పొడవు, వెడల్పు కొలిచారు. వాన ఎక్కడ మొదలవుతుందో అరచెయ్యి పెట్టి చూసి, దానికి ఇంకో రెండు వేళ్ళ ఎత్తు కలిపారు. బండి మీదే పెట్టి వెల్డింగు చేస్తే కొలత తప్పదు గానీ, నీళ్ళలో కరెంటు పని యముడికి కబురు పెట్టడమే. అందుకని షెడ్డులో నేలమీదే రాక్ చట్రం కట్టాలి.

ఇలాంటి చట్రానికి ముందు నాలుగు మూలలా చిన్న చిన్న టాకాలు వేస్తారు. మూల నుంచి మూలకి టేపు పట్టి రెండు వైపులా ఒకే కొలత వచ్చిందో లేదో చూస్తారు. ఆ తరవాతే వెల్డింగు, అదీ ఈ మూల కొంచెం, ఎదుటి మూల కొంచెం. ఒకే పక్క పట్టుకుని కాల్చుకుంటూ పోతే, అతుకు చల్లారేటప్పుడు ఇనుముని తనవైపు లాక్కుంటుంది, చట్రం మెలిపడిపోతుంది. నేర్చుకునేవాడికి మొదటి రోజు చెప్పే పాఠం ఇది.

బుధవారం ఒనెసిమో ఒకే పక్క పట్టుకుని కాల్చుకుంటూ పోయాడు.

చట్రం నేలమీద పెడితే నాలుగు కాళ్ళలో ఒకటి గాల్లో ఉంది. ఫిదెన్సియో నలభై ఏళ్ళు స్కూలు బస్సులు బాగుచేసిన మనిషి, వంకర ఎక్కడుందో ఆయనకి టేపు అక్కర్లేదు.

"ఒకే పక్క కాల్చావు."

"వయసైపోయింది బావా, ఏం చెయ్యను."

"నాకంటే ఆరేళ్ళు చిన్నవాడివి."

"పెళ్ళాం పోరు కలుపుకుంటే నీకంటే పదేళ్ళు పెద్దవాణ్ణి."

కోసేసి మళ్ళీ మొదలెట్టారు. గురువారం మళ్ళీ అదే వంకర. వంతు గురించి అడగడానికొచ్చిన సెఫెరీనా నడుం మీద చెయ్యేసుకుని ఆ చట్రాన్ని చూసింది.

"ఊళ్ళో గేట్లన్నీ నువ్వు చేసినవే కదరా ఒనెసిమో. ఒక్కటీ వంకర లేదు. ఇదేంటి, బాతు నడకలా ఉంది?"

"ఇనుము మంచిది కాదు పిన్నీ."

"ఇనుముదా తప్పు! ఒరే ఫిదెన్, వయోమింగులో వానల్లేవా? మా వాన పట్టుకుపోతున్నావు. నా చిక్కుళ్ళు ఇప్పుడే పూత కొచ్చాయి."

"నువ్వుంచుకో పిన్నీ, నాకెందుకు. విప్పి ఇచ్చే దారుంటే ఇచ్చేద్దును" అన్నాడు ఫిదెన్సియో. ఎగతాళి కాదు, నిజంగానే అన్నాడు.

శుక్రవారం ఆయన తనే చట్రం పక్కన కూర్చుని, ఏ మూల తరవాత ఏ మూలో వేలితో చూపించాడు. తప్పించుకునే దారిలేక ఒనెసిమో సరిగ్గా కాల్చాడు. కొలత రెండు వైపులా వెంట్రుకవాసి తేడా లేకుండా వచ్చింది. జీవితంలో చేసిన మంచి పనుల్లో అదొకటి, వాడికి మాత్రం చేతులు నరుక్కోవాలనిపించింది.

శనివారం మధ్యాహ్నం రాక్ ఎక్కించి, తొట్టి అంచులకి బిగింపులతో బిగించి, పైన పైన్ చెక్కలు పరిచారు.

"పొడవు సరిపోయిందో లేదో చూడు బావా."

ఫిదెన్సియో ఎక్కి వెల్లకిలా పడుకున్నాడు. వీపుకి రెండు వేళ్ళ కింద వాన మొదలవుతోంది. ఇన్నాళ్ళూ వాన చప్పుడు పైనుంచి మీదకి రావడమే ఆయన విన్నాడు. ఇప్పుడది తన దగ్గర బయల్దేరి, కిందికి, దూరంగా పోతోంది.

"సరిపోయింది" అన్నాడు. అంటూనే నిద్రపోయాడు.

ఒనెసిమో రెండుసార్లు పిలిచాడు. జవాబుగా గురక వచ్చింది. కాసేపటికి సెఫెరీనా వచ్చింది.

"ఇవాళ లొవాటో వాళ్ళ వంతు. బండేది?"

"తొమ్మిది నెలలకి కన్నంటుకుంది పిన్నీ. ఎలా లేపను?"

"లేపమన్నానా? తోలమన్నాను."

అలా ఒనెసిమో నడిచే మనిషి దాటిపోయేంత మెల్లగా, నిద్రపోతున్న బావని లొవాటోల మొక్కజొన్నకి తోలుకెళ్ళాడు. వాళ్ళు నీళ్ళు పెట్టుకుని, ఎండ పడకుండా ఆయన మొహం మీద టోపీ పెట్టారు.

ఆదివారం తెల్లవారింది. బయల్దేరాల్సిన వేళ. ఒనెసిమో చక్రం మీద కాలేసి పైకెక్కి, భుజం తట్టడానికి చెయ్యి చాపాడు. ఇప్పుడు లేపితే పని దక్కుతుంది, మనిషి పోతాడు. లేపకపోతే మోసం. ఫిదెన్సియో నోరు తెరుచుకుని, చొంగ కారుస్తూ పడుకుని ఉన్నాడు. ఒనెసిమో చాపిన చెయ్యి వెనక్కి తీసుకుని, జేబులో పెట్టుకున్నాడు.

ఆ రోజు వాన పలచబడింది. చర్చి పక్క మిరపతోట వాళ్ళకి సగం చాళ్ళే తడిశాయి. అయినా వాళ్ళెవరూ ఆయన్ని లేపలేదు. సోమవారం ఫిదెన్సియో జేబులో ఫోను మూడుసార్లు మోగి ఊరుకుంది. తొట్టిలో అప్పటికి చుక్కా చుక్కా. మంగళవారం సెఫెరీనా వంతు. బండి ఆమె చిక్కుడు చేలో నిలబెట్టి తలుపు దించితే చెంచాడు నీళ్ళు రాలేదు. మనిషిని లేపి ఆ వాన సంగతేమిటని అడగొచ్చు. ఆమె పూతకేసి చూసింది, పైన పడుకున్నవాడికేసి చూసింది. గట్టు మీద కూలబడి చెప్పులు విప్పుకుంది.

"పడుకోనీ" అంది.

మధ్యాహ్నం దాటాక ఆయన లేచి కూర్చున్నాడు.

"ఇవాళ ఏం వారం?"

"మంగళవారం" అన్నాడు ఒనెసిమో. "ఫోను మోగింది బావా. నేనెత్తలేదు. ఆదివారం లేపనూలేదు. కావాలనే. కొడతావా, కొట్టు."

ఫిదెన్సియో కొట్టలేదు. చెంప తడిగా తగిలితే చెయ్యి పెట్టి చూసుకున్నాడు.

"వాన పైకొచ్చిందేంట్రా?"

ఒనెసిమో ఆకాశం చూశాడు. కాలిపోతున్న ఎండ. తొట్టిలోకి వంగి చూశాడు. రేకు ఎండి, చెయ్యి వేస్తే చుర్రుమంది.

"లేదు బావా. వాన ఆగిపోయింది."

రెండో చెంపా తడిసింది. గడ్డం మీంచి కారి చెక్కల మీద పడుతోంది.

"ఎర్లిండా పోయిందిరా" అన్నాడు ఫిదెన్సియో, ఆ కబురు ఇప్పుడే తెలిసినట్టు.

"పోయింది బావా."

చేను మధ్యలో ఆయన బావురుమని ఏడ్చాడు. ఒనెసిమో కూడా ఏడ్చాడు, తొమ్మిది నెలలుగా తోడు కోసం చూస్తున్నవాడు. సెఫెరీనా లేచి, అటు తిరిగి కలుపు తీసినట్టు వంగింది. ఆ చేలో అప్పటికి కలుపు లేదు.

చాలాసేపటికి ఫిదెన్సియో కిందికి దిగాడు. కాళ్ళు తిమ్మిరెక్కి, ఒనెసిమో భుజం పట్టుకున్నాడు.

"ఇప్పుడీ రాక్ ఏం చేసుకుంటాం?"

"చెక్కలు తీసేసి పక్కలకి కడ్డీలు కడితే కట్టెలు మోసే బండి అవుతుంది. చలికాలానికి నీ ఇంట్లో ఒక్క దుంగ లేదు."

"ఎంతెత్తు కడ్డీలు?"

ఒనెసిమో జేబులోంచి టేపు తీసి, చివర ఆయన చేతికిచ్చాడు. ఆయన కళ్ళు ఇంకా కారుతూనే ఉన్నాయి.

"గట్టిగా పట్టుకో బావా, ఊగుతోంది."

"పట్టుకున్నాలే. నువ్వు కొలత చదువు."